మాట్లాడని కెర్నెల్

జూన్ 3

బావమరిదికి,

నువ్వు పంపిన డిస్కు సోమవారం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం, కంప్యూటరు తప్ప.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోనులో నువ్వు చెబుతావు, నేను ఊఁ అంటాను, పెట్టేశాక ఏం చెప్పావో గుర్తుండదు. కాగితమైతే పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కా చూస్తూ చేసుకోవచ్చు.

జరిగింది ఇది. ముందు గదిలోని ఎంబ్రాయిడరీ మిషను కంప్యూటరు చెప్పినట్టు కుడుతుందని నీకు తెలుసు. మిషనుకు ఏమీ కాలేదు. కంప్యూటరులో డిస్కు మే పదకొండున కరకరమని ఆగిపోయింది. నీ డిస్కు బిగించి స్విచ్చి వేశాను. లేచింది, కానీ లేవడానికే పావుగంట పట్టింది. మెమరీ అంతా అదే తినేసింది. మిషనును కంప్యూటరుకు కలిపే కార్డును గుర్తుపట్టలేదు. నీ డిస్కులో ఉన్న కెర్నెల్ పెద్దదని, దీనికి సరిపడే చిన్నది ఇక్కడే తయారు చేసుకోవచ్చని నువ్వు ఒకసారి అన్నట్టు జ్ఞాపకం. ఎలాగో రాయి. కెర్నెల్ అంటే ఏమిటో కూడా ఒక్క ముక్కలో రాయి.

తొందర ఎందుకంటే, మా వీధి చివర మేడ మీద మూడో అంతస్తులో పళ్ల డాక్టరు గారు ఉన్నారు. ఆ మేడ లిఫ్టు రెండు నెలలుగా కదలడం లేదు. పంటినొప్పితో వచ్చినవాళ్లు మెట్లు చూసి, నొప్పే నయమనుకుని వెనక్కి పోతున్నారట. ఆయనకు కింద గది కావాలి. మన ముందు గది చూసుకున్నారు. జులై పదిహేనున ఏ సంగతీ చెబుతానని మీ అక్క ఆయనతో అంది. అప్పటికి మిషను కదలకపోతే అది పాత సామాన్లవాడికి, గది డాక్టరు గారికి.

దర్జీ పని మానేసి, ఆ మిషను పుస్తకం చదివి నేర్చుకుని, పన్నెండేళ్లుగా బడిపిల్లల జేబులకు బాడ్జీలు కుడుతున్నాను. ఆ గది కాక ఇంట్లో నేను కూర్చునే చోటు మరొకటి లేదు.

గది ఇచ్చేద్దామా అని మీ అక్క నన్ను అడిగింది. ఊరుకున్నాను.

ఉంటాను.
బావ

జూన్ 7

బావా,

నీ ఉత్తరం ఆఫీసులో నలుగురూ చదివారు. కెర్నెల్ కావాలని చేత్తో రాసి అడిగినవాడు మా కంపెనీలో ఇంతవరకు లేడట. ఒకడు నీ దస్తూరీ చూసి అక్షరాలు కుట్టినట్టున్నాయన్నాడు.

కెర్నెల్ అంటే మా అక్క. ఒక్క ముక్కలో రాయమన్నావు కాబట్టి రాశాను. మీ ఇంట్లో స్నానాలగదిలోకి ముందు ఎవరు, ఫ్యాను ఏ గదికి, ఎవరు ఎంతసేపు ఆగాలి, ఎవరి గొంతు తగ్గాలి అన్నీ చూసుకునేది ఎవరు? కనబడేలా ఏమీ చేయదు. ఒక్కపూట లేకపోతే ఇల్లు కొంపలంటుకున్నట్టు ఉంటుంది. కంప్యూటరులో ఆ పని చేసేది కెర్నెల్.

నేను పంపినది రెడీమేడ్ కెర్నెల్. అంటే, ఎవరు దిగుతారో తెలియక రెండువందల పరుపులు వేసి ఉంచిన సత్రం. మీకు కావలసింది ఒక మంచం. కాబట్టి దాని మూలం నుంచి, మనకు అక్కర్లేనివన్నీ తీసేసి, కొత్తగా కట్టుకోవాలి. కమాండ్లు వేరే కాగితం మీద రాశాను. ఖాళీ వదలాల్సిన చోట ఎర్ర చుక్క పెట్టాను. చుక్క కొట్టకు.

మెనూ ఒకటి వస్తుంది. అందులో ఏది కావాలో ఏది అక్కర్లేదో చెబుతూ పోవాలి. సూత్రం ఒక్కటే: నీ కంప్యూటరులో ఉన్నవాటికి వై కొట్టు, లేనివాటికి ఎన్ కొట్టు. మూడోది ఎమ్ ఉంది. ఎమ్ అంటే ఇప్పుడే లోపలికి రానివ్వకుండా గుమ్మం బయట కూర్చోబెట్టి, అవసరమైతే పిలవడం.

మా లిఫ్టుల పనీ ఇదే. లిఫ్టును నడిపే బోర్డు నీ అరచేయంత ఉంటుంది, దాంట్లో పట్టేదాకా కెర్నెల్‌ను చెక్కుతాం. ఎక్కడో మా లిఫ్టు ఒకటి ఆగిపోయిందట. ఎందుకు ఆగిందో చెప్పడం లేదట. మా మెకానిక్కు రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ దాని మొహం చూసి వచ్చాడు. మేనేజరు రోజూ నా మొహం చూస్తున్నాడు.

ఆఫీసు కవరులోనే పంపుతున్నాను, తపాలా బిళ్లలు నా దగ్గర ఉండవు.

నీ బావమరిది, లిఫ్టులవాడు

జూన్ 16

బావమరిదికి,

కాగితం ప్రకారం చేశాను. ఎర్ర చుక్కలు కొట్టలేదు.

మెనూ రాలేదు. దానికి కావలసిన ఏదో సామాను నీ డిస్కులో లేదట. ఇంకో పద్ధతి ఉందని అక్కడే రాసి ఉంటే అది పట్టుకున్నాను. అది ఒక్కో ప్రశ్నే అడుగుతుంది. జవాబు చెబితేనే తర్వాతిది. వెనక్కి పోవడానికి లేదు. నాకు ఇదే మర్యాదగా అనిపించింది.

రోజువారీ పుస్తకం నుంచి ఎత్తి రాస్తున్నాను.

పదో తేదీ. 412 ప్రశ్నలు. కంప్యూటరు డబ్బా మూత తీసి పెట్టుకున్నాను. ప్రశ్న వచ్చినప్పుడల్లా టార్చి వేసి లోపల చూసి జవాబు చెబుతున్నాను. నీ సూత్రం చాలా మంచిది.

పదకొండు. 860 దాకా వచ్చాను. మీ అక్క గుమ్మంలో నిలబడి "ఏం చేస్తున్నారు?" అంది. అడిగినవాటికి జవాబులు చెబుతున్నానన్నాను. "ఎవరడుగుతున్నారు?" అంది. చూపించాను. "నేనడిగినప్పుడు కూడా ఇలాగే కుర్చీ వేసుకుని చెబితే బాగుండేది" అని వెళ్లిపోయింది.

పన్నెండు. 1,306వ ప్రశ్న దగ్గర కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ ఒకటో ప్రశ్న అడిగింది.

పదమూడు. జవాబులన్నీ నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకున్నాను కనుక దిగులు లేదు. చూసి కొట్టడమే. సాయంత్రానికి 1,306 దగ్గరికి వచ్చాను. దాన్ని చూస్తే చుట్టాన్ని చూసినట్టుంది.

పద్నాలుగు. గాలిలో తేమ కొలిచే పరికరం ఉందా అంది. లేదన్నాను. మీ అక్క అది విని, ఉంటే బాగుండేది, బట్టలు ఆరడం లేదు అంది. మార్చడానికి వీలుందా?

పదిహేను. 1,880. డాక్టరు గారు టేపు పట్టుకుని వచ్చారు. గుమ్మం బయట కుర్చీ వేశాను. గంటసేపు కూర్చుని, బయటినుంచే గది వెడల్పు కొలుచుకుని వెళ్లారు.

ఎమ్ ఎక్కడా కొట్టలేదు. కావాలంటే కావాలనాలి, వద్దంటే వద్దనాలి. ఎవరినైనా గుమ్మం బయట కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

బావ

జూన్ 20

బావా,

టార్చి వేసి చూసి మరీ జవాబు చెప్పడం నేను ఇంతవరకు వినలేదు. మా కుర్రాళ్లు అందాజుగా కొట్టేస్తారు. ఇక్కడ నిన్ను ఆదర్శంగా చెబుతున్నాను. తేమ సంగతి మార్చనక్కర్లేదు, అక్కను బట్టలు తాకి చూడమను.

ఎమ్ నచ్చదన్నావు గానీ, డాక్టరు గారికి నువ్వు కొట్టింది ఎమ్మే.

నిన్న అక్క ఫోను చేసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒరేయ్, ఆయన నోటుబుక్కు చూశాన్రా. పేజీకి నలభై లైన్లు. లైనుకొక నంబరు, పక్కన వద్దు. మళ్లీ నంబరు, వద్దు. అరవై పేజీలు తిప్పాను, వద్దు తప్ప మాట లేదు. మనిషి బాగానే ఉన్నాడంటావా?"

"బాగానే ఉన్నాడు. అలా రాయమన్నది నేనే."

"నువ్వా? ఆయనకేం వద్దురా?"

"మీ దగ్గర లేనివన్నీ."

"లేనివాటిని వద్దనడానికి అరవై పేజీలా? ఉన్నదాని గురించి అడిగితే నోరు పెగలదు కదా. పళ్ల డాక్టరుకు తెలిసిన మనసు డాక్టరు ఒకాయన ఉన్నాడట, చూపించమంటున్నాడు."

చూపించక్కర్లేదని సర్దిచెప్పాను. తర్వాత, గది ఇవ్వడం గురించి బావ నీతో ఏమైనా అన్నాడా అని అడిగింది. నీ ఉత్తరం ఎదురుగానే ఉంది. ఊరుకున్నానని రాశావు. అందుకని, బావకేమీ అభ్యంతరం లేదని చెప్పేశాను. "నాకూ అలాగే అనిపించిందిలే" అంది. ఒక బరువు దిగిపోయింది కదా. ఇక మిషను నడిచినా సరే, నడవకపోయినా సరే, హాయిగా కట్టుకో.

ఆ లిఫ్టు ఇంకా ఆగే ఉంది. మేనేజరు ఇప్పుడు నా కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

బావమరిది

జూన్ 28

బావమరిదికి,

ప్రశ్నలు ఇరవై రెండున అయిపోయాయి. మొత్తం 2,940. అందులో వై పదకొండు.

కట్టడానికి ముప్పై ఒక్క గంటలు పట్టింది. అంతసేపూ తెర మీద అక్షరాలు పారుతూనే ఉన్నాయి. మీ అక్క ఇస్త్రీ పెట్టె వాడకుండా ఆగింది, కరెంటు పోతుందని. నేను అడగలేదు.

నీ కెర్నెల్ ఐదువేల కేబీ ఉంది. నాది 412 వచ్చింది.

ఇరవై నాలుగున దానితో కంప్యూటరు వేశాను. తెర నల్లగా ఉంది. రెండు రోజులు ఎదురుగా కూర్చుని చూశాను. అది ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మూడో రోజు ఆపేసి నీ పాతదానితో లేపాను.

ఇంకో సంగతి. నాకు అభ్యంతరం లేదని నువ్వు మీ అక్కకు చెప్పావు. ఊరుకున్నానని రాశాను. సరేనని రాయలేదు.

డాక్టరు గారు ఇప్పుడు బయట కూర్చోవడం లేదు. మొన్న లోపలికి వచ్చి మిషను వెనక గోడకు నాలుగు రకాల ఆకుపచ్చ రంగులు చారలు చారలుగా పూసి చూసుకున్నారు. ఏది బాగుందని నన్ను అడిగారు. మూడోది అన్నాను. అడిగారు కనుక.

బావ

జులై 2

బావా,

ముందు తప్పు ఒప్పుకుంటున్నాను. నీ ఊరుకోవడానికి అర్థం చెప్పేముందు నిన్ను అడగాల్సింది. అడిగినా ఊరుకునేవాడివి, అది వేరే సంగతి. అక్కకు ఫోను చేసి, నాకు సరిగ్గా తెలియదు, బావనే అడుగు అన్నాను. "అడిగానురా, ఊరుకున్నాడు" అంది. ముగ్గురం బయలుదేరిన చోటికే వచ్చాం.

ఇక నీ కెర్నెల్. 412 అంకె చూసి మా ఆఫీసులో లేచి నిలబడ్డారు. మేం లిఫ్టు కోసం ఆరుగురం ఏడాది చెక్కితే తొమ్మిది వందలకు తేగలిగాం. మేనేజరు ఆ అంకెను బోర్డు మీద రాసి, కింద "దర్జీ, సొంతంగా నేర్చుకున్నవాడు" అని రాశాడు. నిన్ను పిలిపిద్దామా అన్నాడు. అప్పుడు వెనకనుంచి ఒకమ్మాయి అడిగింది, అది ఏమైనా చేస్తుందా అని.

నాకూ అప్పుడే అనుమానం వచ్చింది. 2,940లో వై పదకొండేనా? నువ్వు వద్దన్నవాటిలో కొన్ని, ఎందుకు వద్దన్నావో కారణంతో సహా రాసి పంపు. వెంటనే పంపు.

లిఫ్టు సంగతి అడగకు.

బావమరిది

జులై 6

బావమరిదికి,

అడిగావు కనుక రాస్తున్నాను.

ఫైల్ సిస్టమ్ కావాలా అంది. పేరు కూడా చెప్పింది. డబ్బాలో నాలుగు మూలలా వెతికాను. ఆ పేరు దేని మీదా లేదు. వద్దన్నాను.

ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు కావాలా అంది. అది ఎక్కడుంటుందో రాయలేదు. ఫ్యాను కింద కూడా చూశాను. లేదు. వద్దన్నాను.

కీబోర్డు కావాలా అంది. కీబోర్డు బయట బల్ల మీద ఉంది. నువ్వు కంప్యూటరులో ఉన్నవాటికి వై అన్నావు. కనుక వద్దన్నాను. తెర విషయం కూడా అంతే.

డిస్కు కావాలా అంది. ఉంది, చూశాను, వై. అయితే వెంటనే, డిస్కును ముక్కలుగా విభజించి ఉంటే ఆ విభజన చదవాలా అంది. డిస్కు చేత్తో పట్టుకుని చూశాను. ఎక్కడా ముక్కలు కాలేదు. నున్నగా ఉంది. వద్దన్నాను.

మిషను కార్డు కావాలా అంది. కళ్లెదురుగా ఉంది. వై. ఆ వై కొట్టినప్పుడు సంతోషంగా అనిపించింది.

1,711వ ప్రశ్న ఒకటి ఉంది. కెర్నెల్ తాను చేస్తున్న పని గురించి తెర మీద మాటలు రాయాలా అని. పని చేసేవాడికి మాటలెందుకు? వద్దన్నాను. ఈ ఒక్కదానికీ టార్చి వేయలేదు.

డాక్టరు గారు మూడో ఆకుపచ్చ ఖాయం చేసుకున్నారు. ఇంకా తొమ్మిది రోజులు ఉంది.

బావ

జులై 9

బావా,

నీ ఉత్తరం చదివి కాసేపు బల్ల మీద తల పెట్టుకున్నాను. మేనేజరు వచ్చి, లిఫ్టు దొరికిందా అన్నాడు. కాదండీ, మా బావ దొరికాడు అన్నాను.

తప్పు నాదే. కంప్యూటరులో ఉన్నవి అన్నానే గాని, కంటికి కనబడేవి మాత్రమే ఉన్నవి కావని చెప్పలేదు. కంటికి కనబడేదే లెక్కయితే నీ డబ్బాలో ఉన్నవి నాలుగు మరలు, దుమ్మూ.

ఈ ఐదింటినీ వైకి మార్చు: ఫైల్ సిస్టమ్, డిస్కు విభజన, ప్రోగ్రాములు నడపడం, కీబోర్డూ తెరా కలిపి ఒకటి. నాలుగయ్యాయి. ఐదోది 1,711. నాలుగింటిలో ఒకటి మరిచిపోయినా క్షమిస్తాను గాని ఇది మాత్రం మరవకు. నోరు మూసుకున్న కెర్నెల్ చచ్చినా బతికినా ఒకేలా ఉంటుంది. అది నల్లగా ఉంటే ఎక్కడ ఆగిందో, ఏం కావాలో, ఆకలేస్తోందో అలిగిందో మనకేం తెలుస్తుంది? ఇది కెర్నెల్ గురించే రాస్తున్నాను.

మళ్లీ మొదటినుంచీ అడగదు. మార్చే పద్ధతి వెనక కాగితంలో ఉంది.

ఇంకొకటి. నా డిస్కు లేవగానే మొదట తనను తాను పరీక్షించుకుంటుంది, నీ పాత కంప్యూటరులో దానికి అరగంట పట్టొచ్చు. అయ్యాక దానంతట అదే మిషనుకు ఒక పరీక్ష బొమ్మ పంపుతుంది. బాతు. ఫ్రేములో పాత గుడ్డ బిగించి ఉంచు.

గది సంగతి అక్కకు నేను చెప్పను. ఒకసారి చెప్పి చూశాంగా. నువ్వే చెప్పు. ఒక్క అక్షరం. ఎన్.

బావమరిది

జులై 17

బావమరిదికి,

ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. సర్దుకో.

నీ కాగితం పన్నెండున అందింది. నాలుగూ మార్చాను. ఐదోది మార్చలేదు. తప్పు లేకపోతే మాట్లాడవలసింది ఏముంటుంది, తప్పుంటే ఎలాగూ ఆగుతుంది కదా అనుకున్నాను. కట్టడం పద్నాలుగు సాయంత్రానికి అయింది. పదిహేను పొద్దున తొమ్మిదిన్నరకు, ఫ్రేములో పాత దిండు గలీబు బిగించి, స్విచ్చి వేశాను.

తెర నల్లగా ఉంది.

పది నిమిషాలు చూశాను. అయిపోయిందనుకున్నాను. స్విచ్చి తీయడానికి చెయ్యి రాలేదు. పుస్తకంలో తేదీ వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా కూర్చున్నాను. పదింటికి డాక్టరు గారు వచ్చారు, క్లినిక్కులోంచి నేరుగా, తెల్లకోటుతోనే. మీ అక్క కూడా వచ్చి నిలబడింది. తాళం చేతిలో ఉంది.

డాక్టరు గారు పళ్లకుర్చీ ఎక్కడ వస్తుందో, దీపం ఎక్కడ వేలాడుతుందో చూపిస్తూ, మిషనుకు ఆనుకుని నిలబడ్డారు. కోటు అంచు ఫ్రేము మీద పడింది. నేను చూశాను. మిషను చచ్చినదే కదా అని ఊరుకున్నాను.

"అయితే, ఎప్పటికి ఖాళీ చేస్తారు?" అన్నారు.

అప్పుడు సూది కదిలింది.

రెండు నెలల తర్వాత ఆ చప్పుడు విన్నాను. డాక్టరు గారు కిందికి చూసుకున్నారు. కోటు అంచు గలీబుతో కలిసి కుట్టు పడిపోతోంది. లాగబోయారు.

"కదలకండి. కదిలితే సూది విరుగుతుంది" అన్నాను.

రోజూ పదిమందికి ఆ మాట చెప్పే మనిషి కనుక వెంటనే బిగుసుకుపోయారు. నోరు కూడా కాస్త తెరిచే ఉంచారు.

"ఎంతసేపు?" అన్నారు, పెదవులు కదపకుండా.

"బాతు అయ్యేదాకా."

"ఏ బాతు?"

"నా తమ్ముడు పంపిన బాతు" అంది మీ అక్క. నేను ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. కాగితం చదివి ఉంటుంది.

ముక్కు అయింది. మెడ మొదలైంది. డాక్టరు గారు, ఊరికే నిలబడటం ఎందుకనేమో, "ఖాళీ సంగతి చెప్పారు కాదు" అన్నారు మళ్లీ.

"వద్దు" అన్నాను.

"ఏది వద్దు? బాతా?"

"గది ఇవ్వడం వద్దు. మిషను అమ్మడం వద్దు. ఆకుపచ్చ కూడా వద్దు."

కాగితం మీద 2,929 సార్లు రాసిన మాట. నోటితో అనేసరికి చెవులు వేడెక్కాయి. మీ అక్క తాళం బల్ల మీద పెట్టింది.

"ఏమన్నారు?" అంది.

మళ్లీ అన్నాను.

"ఈ ముక్క మే నెలలో అనడానికేం? రోజంతా ఆ నల్లటి అద్దం ముందు కూర్చుని గోడకేసి చూస్తుంటే, ఇక దీని మీద మనసు విరిగిందేమో, కళ్లెదుట ఉంటే ఇంకా బెంగపడతారేమో అని నేనే గది ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామని తిరుగుతున్నాను. నాకేమన్నా పళ్ల డాక్టరు కావాలా ఇంట్లో?"

"అడిగినప్పుడు ఊరుకున్నానుగా" అన్నాను.

"ఊరుకుంటే సరే అనో కాదనో నాకెలా తెలుస్తుంది? టార్చి వేసి చూడనా?"

డాక్టరు గారు, "నేను కాసేపు బయట ఉంటాను, మీరు మీరు మాట్లాడుకోండి" అన్నారు.

"మీరు కదలకండి" అంది మీ అక్క.

బాతు ఇరవై రెండు నిమిషాలకు పూర్తయింది. కుట్టు ఎక్కడా తెగలేదు. గలీబును కత్తిరించి డాక్టరు గారిని విడిపించాను. ఆయన కోటు అంచు ఎత్తి, కోపం తెచ్చుకుందామా వద్దా అన్నట్టు బాతును అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత, "మరి నా పేషెంట్లు మూడంతస్తులు ఎలా ఎక్కాలండీ?" అన్నారు. నిజంగానే జాలేసింది. నెలన్నరగా వస్తూపోతూ ఉన్నారు, ఆయనకు అసలు సంగతి చెప్పనివాణ్ని నేను.

ఆ లిఫ్టు ఏ కంపెనీదని మీ అక్క అడిగింది; దాని మీద నీలం చక్రంలో పైకి చూసే బాణం గుర్తు ఉందట. నీ ఉత్తరాల కవరు మీద కూడా అలాంటిదే ఉందని మీ అక్క తెచ్చి చూపించింది. డాక్టరు గారు అదేనన్నారు.

తెర ఇంకా నల్లగానే ఉంది. కుడుతోంది కనుక పట్టించుకోలేదు.

బావ

జులై 20

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, రెండుసార్లు నవ్వడానికి, మూడోసారి చివరి పేరా నమ్మలేక.

ఆ లిఫ్టు మాదే. నెలన్నరగా మా మేనేజరు నా మొహం చూస్తున్నది ఆ లిఫ్టు కోసమే. మా రికార్డులో దాని నంబరు తప్ప వీధి పేరు ఉండదు, అందుకే నాకు తట్టలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ లిఫ్టుల కెర్నెల్ చెక్కినవాణ్ని నేను. నూరు కేబీ మిగులుతుందని, మాటలు రాసే ఆప్షనుకు ఎన్ కొట్టినవాణ్నీ నేనే. అందుకే అది ఎందుకు ఆగిందో చెప్పదు. అందుకే డాక్టరు గారు కిందికి దిగి నీ గదికి వచ్చారు. ఆ గది నిలబెట్టడానికి, మాటలు ఆపకు బావా అని నీకు ఉత్తరాలు రాస్తున్నదీ నేనే. నాకెవరైనా టార్చి వేసి ఉంటే బాగుండేది.

ఇరవై ఐదున నేనే వస్తున్నాను, మాట్లాడే కెర్నెల్ వేసిన బోర్డుతో. అక్కకు ఇదంతా చెప్పకు. నువ్వు చెప్పవని తెలుసు, అయినా రాస్తున్నాను.

బావమరిది

ఆగస్టు 4

బావమరిదికి,

నువ్వు క్షేమంగా చేరావని మీ అక్క చెప్పింది. నీ స్క్రూడ్రైవరు ఇక్కడ మరచిపోయావు. తుడిచి పెట్టాను.

నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి లిఫ్టు ఆగలేదు. ఆ రోజు బోర్డు మార్చగానే అది చెప్పిన మొదటి మాట వీధంతా చెప్పుకుంటున్నారు. మూడో అంతస్తు తలుపు సరిగ్గా మూసుకోలేదని. డాక్టరు గారు అందానికని తలుపు దగ్గర పెట్టిన పూలకుండీ నాలుగు నెలలుగా దాన్ని వేలెడు దూరంలో ఆపుతోందని నీ మెకానిక్కుకూ కనబడలేదు, ఆయనకూ కనబడలేదు. ఇప్పుడు కుండీ మన ఇంట్లో ఉంది. ఆయనే ఇచ్చారు. ఆయన క్లినిక్కు మేడమీదే ఉంటుంది.

కోటు మీద బాతును చూసి ఒక పాప నోరు తెరిచిందట, అడగకుండానే. బాతు కుట్టమని ఇంకో రెండు తెల్లకోట్లు పంపారు. ఈసారి విప్పి పంపారు.

నీ రహస్యం మీ అక్కకు చెప్పేశాను. గది గురించి చెప్పడం మొదలుపెట్టాను, ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఆమె నవ్వి నవ్వి, నీకు ఫోను చేస్తానంది. చేసే ఉంటుంది.

1,711కు వై కొట్టి మళ్లీ కట్టాను. 506 వచ్చింది. మీ మేనేజరును బోర్డు మీద అంకె దిద్దమను. ఇప్పుడు కంప్యూటరు లేచేటప్పుడు మూడు వందల డెబ్భై లైన్లు చెబుతుంది. మెమరీ ఎంత దొరికిందో, డిస్కు ఎక్కడుందో, కీబోర్డు కనబడిందో లేదో, అన్నీ. మీ అక్క పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుని చదువుతుంది. అర్థం కానివి నన్ను అడుగుతుంది. తెలిసినవి చెబుతున్నాను. తెలియనివి తెలియవని చెబుతున్నాను. దీనివల్ల రోజూ కుట్టు మొదలుపెట్టడం గంట ఆలస్యమవుతోంది.

నిన్న, ఈ మాటలు ఆపేద్దామా అని ఆమెను అడిగాను.

వద్దు అంది.

బావ